జర్మనీ, అమెరికా ఉద్యోగుల హెచ్ఆర్ పని హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడి ఉద్యోగ చట్టాలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. గచ్చిబౌలిలో ఒక బహుళజాతి సంస్థ కేంద్రంలో అయిదేళ్లుగా హెచ్ఆర్‌లో ఉన్నారు. ఇప్పటిదాకా మన దేశపు ఉద్యోగుల పనే చూశారు. వచ్చే త్రైమాసికం నుంచి జర్మనీ, అమెరికా ఉద్యోగుల చేరికలు, సెలవులు, రాజీనామాలు, తొలగింపుల పని కూడా మీ బృందానికే వస్తోంది. మేనేజరు "అక్కడి చట్టాలు చదువుకోండి" అని చెప్పి ఊరుకున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, సర్టిఫికెట్ కోర్సు చేయాలా, జర్మన్ రావాలా అని మీ సందేహాలు.

ముందు సూటిగా జవాబు. చట్టం పుస్తకం పక్కన పెట్టి, మీకు రాబోయే టికెట్ల (పోర్టల్‌లో నమోదై వచ్చే ఒక్కో పని అభ్యర్థన) జాబితా తెరవండి. చేరిక, ప్రొబేషన్, జబ్బు సెలవు, ప్రసూతి, జీతం మార్పు, రాజీనామా, తొలగింపు వంటి పనులు పదో పన్నెండో ఉంటాయి. ఒక్కో పనికి మూడు సంగతులు తెలుసుకోండి: ఈ పని చేసేముందు అక్కడ ఎవరిని అడగాలి, అది ఏ రూపంలో జరగాలి, గడువు ఏ రోజు నుంచి లెక్క. ఈ మూడూ తెలిస్తే మీ పనికి కావలసిన చట్టంలో చాలా భాగం తెలిసినట్టే. రెండు దేశాలూ ఒకేసారి పట్టుకోకండి. జర్మనీతో మొదలుపెట్టండి. సర్టిఫికెట్ ఇప్పుడు అవసరం లేదు.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాద్ నుంచి విదేశీ ఉద్యోగుల పని చూసే బృందాలతో చాలా కాలంగా ఉన్నాను. అక్కడి చట్టం తెలియక జరిగిన నష్టాలు నేను తక్కువే చూశాను. మన అలవాటునే ప్రపంచమంతటి పద్ధతి అనుకుని, అడగాలన్న ఆలోచనే రాక జరిగినవే ఎక్కువ. మీ అయిదేళ్ల అనుభవం మీకు బలమే. కానీ అందులో ఏది మన దేశపు చట్టం, ఏది మన ఊరి ఐటీ ఆఫీసుల ఆచారం అన్నది మీరు ముందు విడదీసుకోవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక సంస్థ జర్మనీ శాఖలో ఒక ఉద్యోగి సంస్థ పోర్టల్‌లోకి వెళ్లి "రాజీనామా" అన్న మీట నొక్కాడు. టికెట్ హైదరాబాద్‌కు వచ్చింది. ఇక్కడి బృందం ఎప్పటిలా చకచకా పని కానిచ్చింది. ఆమోదం పంపింది, చివరి పనిదినం లెక్కగట్టింది, ల్యాప్‌టాప్ వెనక్కి తెప్పించే ఏర్పాటు చేసింది, ఆ స్థానానికి నియామకం కూడా మొదలైంది. కొన్ని వారాల తర్వాత ఆ ఉద్యోగి మనసు మార్చుకున్నాడు. "నేను రాజీనామా చేయలేదు" అన్నాడు. అతని మాటే చెల్లింది. జర్మన్ సివిల్ కోడ్‌లోని 623వ సెక్షన్ ప్రకారం ఉద్యోగ ఒప్పందాన్ని ముగించే నోటీసు కాగితం మీద, చేతి సంతకంతో ఉండాలి. ఎలక్ట్రానిక్ రూపం చెల్లదని చట్టంలోనే రాసి ఉంది. ఈ నిబంధన యజమానికీ ఉద్యోగికీ సమానమే. ఈమెయిలు, పోర్టల్, స్కాన్ చేసిన పీడీఎఫ్, డిజిటల్ సంతకం, ఏదీ పనికిరాదు. పోర్టల్‌లో ఆ మీటను ప్రపంచమంతటికీ ఒకేలా పెట్టిన వాళ్లకు ఈ సంగతి తట్టలేదు. టికెట్ మూసిన వాళ్లకూ తట్టలేదు.

ఇదే తొలగింపు విషయంలో జరిగితే నష్టం ఇంకా పెద్దది. జర్మనీలో తొలగింపు అన్యాయమని కోర్టుకు వెళ్లాలంటే, రాతపూర్వక నోటీసు అందిన రోజు నుంచి మూడు వారాల్లో వెళ్లాలి. ఆ గడువు దాటితే తొలగింపు చెల్లినట్టే, కాబట్టి యజమానికి అదొక రక్షణ. నోటీసు ఈమెయిలులో పంపితే ఆ మూడు వారాల లెక్క మొదలే కాదు.

నోటీసు మీద సంతకం ఎవరు చేశారన్నదీ ముఖ్యమే. అధికార పత్రం జతచేయకుండా ఎవరో ఒకరు సంతకం చేసి పంపితే, "మీకు ఆ అధికారం ఉందని రుజువేది?" అని ఉద్యోగి వెంటనే దాన్ని తిరస్కరించవచ్చు. అందుకే నానక్‌రామ్‌గూడలో కూర్చున్న టీమ్ లీడ్ సంతకంతో కొరియర్ పంపడం లాంటి ఆలోచనలు దగ్గరికి రానివ్వకండి. ఉత్తరం ఉద్యోగి చేతికో ఇంటి పోస్టు పెట్టెలోకో ఎప్పుడు చేరిందన్నదీ లెక్కే. నోటీసు గడువు నెలాఖరుకు ముగిసేలా ఉన్నప్పుడు, ముప్పై ఒకటో తేదీన చేరాల్సిన ఉత్తరం ఒకటో తేదీన చేరితే ఇంకో నెల జీతం ఇవ్వాలి. ఒప్పందంలో త్రైమాసికం చివర అని రాసి ఉంటే ఇంకో మూడు నెలలు. అందుకే అక్కడి వాళ్లు మనిషిని పంపి ఉత్తరం ఇప్పించి, ఏ రోజు ఏ సమయానికి ఇచ్చారో రాయించుకుంటారు. ఇంత చాదస్తమా అని మొదట్లో నవ్వేవాళ్లు కూడా ఒక్క కేసు చూశాక నవ్వడం మానేస్తారు.

గడువుల సంగతి కూడా చూడండి. మన ఐటీ ఆఫీసుల్లో అందరికీ ఒకటే తొంభై రోజులు. అక్కడ ప్రొబేషన్‌లో, అంటే గరిష్ఠంగా ఆరు నెలల వరకు, రెండు వారాల నోటీసు చాలు. ఆ తర్వాత కనీసం నాలుగు వారాలు, అదీ 15వ తేదీకో నెలాఖరుకో ముగియాలి. యజమాని తొలగించేటప్పుడైతే సర్వీసు పెరిగేకొద్దీ గడువూ పెరుగుతుంది. రెండేళ్లకు ఒక నెల, అయిదేళ్లకు రెండు నెలలు, పదేళ్లకు నాలుగు, ఇరవై ఏళ్లకు ఏడు నెలలు. ఒప్పందంలో ఇంతకంటే ఎక్కువ రాసుకోవచ్చు, చాలామంది రాసుకుంటారు కూడా. డబ్బు కట్టి నోటీసు కొనుక్కోవడమన్న మన పద్ధతి అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఇద్దరూ ముందే విడిపోవాలనుకుంటే పరస్పర అంగీకార ఒప్పందం రాసుకుంటారు. అదీ కాగితం మీద, ఇద్దరి సంతకాలతోనే.

ఇక్కడే మన ఊరి ఆచారం ఒకదాని గురించి గట్టిగా చెప్పాలి. మనిషిని పంపించేయాలనుకుంటే హెచ్ఆర్ వాళ్లు గదిలోకి పిలిచి "మీరే పేపర్లు పెట్టేయండి, మీ రికార్డు పాడవకుండా ఉంటుంది" అంటారు. మాధాపూర్ నుంచి పోచారం దాకా ఇది ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. ఇది ఇక్కడా మర్యాద కాదనే నా అభిప్రాయం, కానీ అది వేరే చర్చ. జర్మనీ ఉద్యోగికి మాత్రం ఈ మాట పొరపాటున కూడా రాయకండి. అక్కడ ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి వస్తుంది. తగిన కారణం లేకుండా తనంతట తానే రాజీనామా చేసినా, విడిపోయే ఒప్పందం మీద సంతకం పెట్టినా, సాధారణంగా ఆ భృతి పన్నెండు వారాలు ఆగిపోతుంది. మీరు మంచి మాటనుకుని చెప్పింది అతని ఇంటి ఖర్చుకు దెబ్బ. ఆ ఈమెయిలు తీసుకుని అతను నేరుగా లాయరు దగ్గరికి వెళ్తాడు.

వర్క్స్ కౌన్సిల్. మన అనుభవంలో దీనికి సాటి వచ్చేది లేదు కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. ఇది యూనియన్ కాదు. ఆ కార్యాలయపు ఉద్యోగులు ఎన్నుకునే మండలి. ఓటు హక్కున్న శాశ్వత ఉద్యోగులు కనీసం అయిదుగురుంటే దాన్ని ఎన్నుకోవచ్చు. యజమాని ఏర్పాటు చేసేది కాదు, వద్దంటే ఆగేదీ కాదు. ఎన్నిక జరగని కార్యాలయాల్లో ఉండదు. కాబట్టి మీ సంస్థలో ఉందా అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి.

ఉంటే, ప్రతి తొలగింపుకు ముందు ఆ మండలికి కారణాలు చెప్పి అభిప్రాయం అడగాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకైనా ఇంతే. మామూలు నోటీసుకైతే మండలికి వారం రోజుల గడువు ఉంటుంది. వాళ్లు వద్దన్నా యజమాని ముందుకు వెళ్లవచ్చు. అడగకుండా వెళ్తే మాత్రం ఆ తొలగింపు చెల్లదు, కారణం ఎంత గట్టిదైనా సరే. మన వాళ్లకు ఇది మింగుడుపడదు. "అతను దొంగతనం చేశాడని రుజువుంది కదా" అంటారు. రుజువు ఉంది, అడగడం జరగలేదు, కేసు పోయింది.

తొలగింపులకే కాదు. ఓటు హక్కున్న ఉద్యోగులు ఇరవై మంది కంటే ఎక్కువ ఉన్న సంస్థల్లో కొత్త నియామకానికీ, బదిలీకీ, గ్రేడు నిర్ణయించడానికీ మండలి సమ్మతి కావాలి. దానికీ వారం గడువే. ఒక బృందం "ఎంపికైన నలభై ఎనిమిది గంటల్లో ఆఫర్ లెటర్" అని గొప్పగా లక్ష్యం పెట్టుకుంది. ఇక్కడి డాష్‌బోర్డు పచ్చగా వెలిగిపోతోంది, అక్కడి హెచ్ఆర్ మేనేజరుకేమో ప్రతి వారం మండలి నుంచి చీవాట్లు. లక్ష్యాన్ని మండలి సమ్మతి వచ్చిన రోజు నుంచి లెక్కగట్టేలా మార్చాకే గొడవ సద్దుమణిగింది. ఉద్యోగుల పనితీరునో ప్రవర్తననో గమనించగల సాఫ్ట్‌వేర్ తెచ్చినా మండలితో ఒప్పందం కావాలి. హైదరాబాద్‌లో తయారుచేసిన కొత్త హాజరు యాప్‌ను సోమవారం జర్మనీలో ప్రారంభిస్తామని ఎవరైనా అంటే మీరు అడ్డుపడండి.

జబ్బు సెలవుల్లో మన బృందాలు తరచూ తడబడే చోటు ఒకటుంది. "ఏం జబ్బు?" అని అడగడం. అక్కడ యజమానికి జబ్బు పేరు తెలుసుకునే హక్కు లేదు. యజమానికి చేరే ధ్రువీకరణలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పని చేయలేరన్నది మాత్రమే ఉంటుంది. మూడు రోజులకు మించితే డాక్టరు ధ్రువీకరణ కావాలి, యజమాని ఇంకా ముందే అడగవచ్చు కూడా. 2023 జనవరి నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్నవాళ్ల ధ్రువీకరణను యజమానే బీమా సంస్థ నుంచి ఎలక్ట్రానిక్‌గా తెప్పించుకోవాలి. అయినా "మెడికల్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయండి" అన్న పాత సందేశం చాలా వ్యవస్థల్లో అలాగే వెళ్తూ ఉంటుంది. చేరి నాలుగు వారాలు దాటిన ఉద్యోగికి ఒక జబ్బుకు ఆరు వారాల వరకు పూర్తి జీతం యజమానే ఇస్తాడు, తర్వాత బీమా సంస్థ చూసుకుంటుంది. సిక్ లీవులు ఏడాదికి పన్నెండు, అయిపోతే జీతం కోత అన్న మన లెక్క అక్కడికి తీసుకెళ్లకండి. సెలవులో ఉండగా జబ్బు చేసి డాక్టరు చీటీ ఉంటే ఆ రోజులు సెలవు ఖాతాలోకి తిరిగి వస్తాయి.

వార్షిక సెలవు వారానికి అయిదు రోజుల పనికి చట్టం ప్రకారం కనీసం 20 రోజులు. ఇందులో ఉచ్చు ఎక్కడుందంటే, డిసెంబరు 31న మిగిలిన సెలవులు వాటంతటవే రద్దవుతాయని మన సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. 2018లో ఐరోపా న్యాయస్థానం, ఆ వెంటనే 2019లో జర్మనీ అత్యున్నత కార్మిక న్యాయస్థానం తేల్చింది వేరు. మీకింత సెలవు మిగిలింది, వాడుకోకపోతే పోతుంది అని యజమాని స్పష్టంగా చెప్పకపోతే ఆ చట్టబద్ధ సెలవు పోదు. కాబట్టి ఆ హెచ్చరిక ఉత్తరం ఎవరు, ఎప్పుడు పంపుతారో మీ పని క్యాలెండరులో ఉండాలి. పండుగ సెలవులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. బోనాలకు తెలంగాణలో సెలవుంది, ఆంధ్రప్రదేశ్‌లో లేదు కదా, అలాగే మార్చి 8 బెర్లిన్‌లో సెలవు, బవేరియాలో పనిరోజు.

ప్రసూతి గురించి క్లుప్తంగా చెబుతాను. అక్కడ ప్రసవానికి ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు. మన 26 వారాలతో పోల్చి "మనమే నయం" అనుకోకండి. దాని తర్వాత తల్లికైనా తండ్రికైనా ఒక్కో బిడ్డకు మూడేళ్ల వరకు ఉద్యోగం నిలిచి ఉండే సెలవు ఉంది. గర్భం మొదలైనప్పటి నుంచి ప్రసవమైన నాలుగు నెలల దాకా తొలగింపు నిషేధం. నోటీసు అందాక రెండు వారాల్లో ఆమె గర్భం సంగతి చెప్పినా ఆ రక్షణ వర్తిస్తుంది.

నాకు బాగా గుర్తుండిపోయిన చిన్న సంగతి ఒకటి. జర్మనీ పేరోల్ కొత్తగా చేపట్టిన ఒకమ్మాయి "ఉద్యోగుల మతం డేటాలో కనిపిస్తోంది, ఇది గోప్యతకు విరుద్ధం, వెంటనే తొలగించాలి" అని గట్టిగా టికెట్ రాసింది. ఆలోచన సరైనదే, చురుకైన మనిషి. కానీ అక్కడ చర్చి పన్ను ఉంది. నమోదిత చర్చి సభ్యుల జీతంలో ఆదాయపు పన్ను మీద బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్‌లలో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం కోసి యజమానే కట్టాలి. ఆ వివరం తీసేస్తే జీతాల లెక్క తప్పుతుంది. అదే వివరాన్ని పేరోల్ బయట ఇంకెవరైనా చూస్తే అదీ తప్పే.

నియామకాల విషయానికొస్తే, మన చేరిక పత్రాల జాబితాను యథాతథంగా అక్కడి వాళ్లకు పంపకండి. రిలీవింగ్ లెటర్ అన్నది అక్కడ లేదు. దానికి బదులు ఉద్యోగికి హక్కుగా దక్కే పనితీరు పత్రం ఉంది. దాన్ని ఎలా రాయాలన్నది ఒక ప్రత్యేక విద్య, అది అక్కడివాళ్లకే వదిలేయండి. గత ఉద్యోగపు మూడు నెలల పేస్లిప్‌లు అడగడం మనకు నీళ్లు తాగినంత మామూలు. ఐరోపా యూనియన్ 2023లో తెచ్చిన జీతాల పారదర్శకత ఆదేశం పాత జీతం అడగడాన్నే నిషేధించింది, సభ్యదేశాలకు 2026 జూన్ 7 దాకా గడువిచ్చింది. పెళ్లయిందా, పిల్లలున్నారా, భర్త ఎక్కడ పని చేస్తారు అన్న ప్రశ్నలూ వద్దు. గర్భవతివా అని అడిగితే అభ్యర్థి అబద్ధం చెప్పినా అది ఆమె తప్పు కాదు. తిరస్కరించిన అభ్యర్థికి వివక్ష పరిహారం కోరడానికి రెండు నెలల గడువు ఉంటుంది, కాబట్టి ఎందుకు తీసుకోలేదన్న నమోదు ఆ మేరకు భద్రంగా ఉండాలి.

ఇప్పుడు అమెరికా. జర్మనీ చూశాక ఇది తేలిక అనిపిస్తుంది, అదే ప్రమాదం. మోంటానా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ యజమాని కారణం చెప్పకుండా, నోటీసు లేకుండా ఎవరినైనా తీసేయవచ్చన్నది మూల సూత్రం. ఇక్కడి మేనేజర్లు ఈ ఒక్క వాక్యం నేర్చుకుని మిగతాది వదిలేస్తారు. కారణం లేకుండా తీసేయవచ్చు, తప్పుడు కారణంతో తీసేయకూడదు. వయసు, జాతి, మతం, స్త్రీపురుష భేదం, వైకల్యం కారణం కాకూడదు. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధింపు కాకూడదు. వైద్య సెలవు అడిగిన వారానికే మనిషిని తీసేస్తే, అసలు కారణం వేరే ఉన్నా జ్యూరీ ముందు ఆ తేదీలే మాట్లాడతాయి. అక్కడి కుటుంబ, వైద్య సెలవు చట్టం 12 వారాల సెలవిస్తుంది. జీతం ఉండదు, ఉద్యోగం నిలిచి ఉంటుంది. అది కనీసం 50 మంది ఉద్యోగులున్న సంస్థల్లో, ఏడాది సర్వీసు, ఆ ఏడాదిలో 1,250 గంటల పని ఉన్నవాళ్లకు. తొలగింపు టికెట్ వస్తే ముందు ఆ ఉద్యోగి ఫైలులో గత కొన్ని నెలల్లో సెలవు దరఖాస్తు, ఫిర్యాదు ఏవైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే మీరు ముట్టుకోకుండా అక్కడి లాయరుకు పంపండి.

అమెరికాలో హైదరాబాద్ బృందాలకు తగిలే దెబ్బ ఇంకొకటి ఉంది, ఐ-9 ఫారం. కొత్త ఉద్యోగికి అక్కడ పనిచేసే అర్హత ఉందని ధ్రువీకరించే పత్రం అది. ఉద్యోగి తన భాగాన్ని చేరిన మొదటి రోజుకు పూర్తిచేయాలి, యజమాని మూడు పనిదినాల్లో పత్రాలు పరిశీలించాలి. ఆమోదిత పత్రాల జాబితా ఉంటుంది, అందులో ఏది చూపాలో ఎంచుకునేది ఉద్యోగి. "మీ గ్రీన్ కార్డు పంపండి" అని సాయం చేస్తున్నట్టుగా రాసిన ఒక్క వాక్యం పౌరసత్వ వివక్ష కిందికి వస్తుంది. మన దగ్గర ఆధార్, పాన్ పేర్లు చెప్పి అడగడం అలవాటు కదా, చేయి అలాగే టైపు చేసేస్తుంది.

చివరి జీతం సంగతి. మన సంస్థల్లో మనిషి వెళ్లాక తుది లెక్క తేలడానికి నెలన్నర పట్టడం మామూలే. (మన కొత్త వేతన కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో ఇవ్వాలి, ఆచరణ సంగతి మీకు తెలిసిందే.) కాలిఫోర్నియాలో తొలగించిన ఉద్యోగికి చివరి జీతం ఆ రోజే చేతికివ్వాలి. ఉద్దేశపూర్వకంగా ఆలస్యం చేస్తే రోజుకు ఒక రోజు జీతం చొప్పున 30 రోజుల వరకు జరిమానా. అదే రాష్ట్రంలో, ఓవర్‌టైమ్‌కు అర్హులైన వాళ్లు రోజుకు ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. సమాఖ్య చట్టమైతే వారానికి 40 గంటలు చూస్తుంది. నెల జీతమిస్తున్నాం కాబట్టి ఓవర్‌టైమ్ లేదన్న మన నమ్మకం అక్కడ చెల్లదు. చేసే పని స్వభావం, జీతం స్థాయి రెండూ చూస్తారు. కాబట్టి అమెరికా టికెట్ ఏదొచ్చినా మొదటి ప్రశ్న "ఏ రాష్ట్రం?" అనే ఉండాలి. సంస్థ టెక్సాస్‌లో ఉన్నా, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి కాలిఫోర్నియాలో ఉంటే కాలిఫోర్నియా చట్టమే ఎదురవుతుంది.

సరే, ఇవన్నీ ఎక్కడ చదవాలి? జర్మనీ న్యాయశాఖ చట్టాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది, ముఖ్యమైన వాటికి ఆంగ్ల అనువాదాలూ ఉన్నాయి. అమెరికా కార్మిక శాఖ సైటులో మామూలు మాటల్లో రాసిన వివరణలు బాగుంటాయి. కానీ చట్టం ఒక పొర మాత్రమే. జర్మనీలో చట్టం మీద యూనియన్‌తో కుదిరిన సామూహిక ఒప్పందం, దాని మీద వర్క్స్ కౌన్సిల్‌తో రాసుకున్న ఒప్పందాలు, ఆపైన ఉద్యోగి సొంత ఒప్పందం ఉంటాయి. చట్టంలో 20 రోజుల సెలవని చదివి మీరు జవాబిస్తారు. ఆ ఉద్యోగి లోహ పరిశ్రమ ఒప్పందం కింద ఉంటే అతనికి 30 రోజులు. చట్టం తెలిసీ తప్పు జవాబివ్వడం ఇలాగే జరుగుతుంది.

రెండోది, చదివిన ప్రతిదాని పక్కన తేదీ రాయండి. జర్మనీలో 2022లో ఉద్యోగ షరతుల వివరాలు చేతి సంతకంతో ఇవ్వాలన్న నిబంధనను కఠినం చేశారు. 2025 జనవరి నుంచి చాలా ఉద్యోగాలకు వాటిని ఎలక్ట్రానిక్‌గా ఇవ్వడానికి వీలు కల్పించారు. కాలపరిమితి ఒప్పందానికి మాత్రం రాతపూర్వక సంతకం నిబంధన అలాగే ఉంది, అది లేకపోతే ఆ ఉద్యోగం శాశ్వతమైపోతుంది. 2022 నాటి మంచి చెక్‌లిస్టు ఇప్పుడు సగం తప్పు. ఇది విదేశాల సంగతే కాదు. మన దగ్గర కూడా 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి మనం బట్టీపట్టిన పాత చట్టాలెన్నో పక్కకు వెళ్లాయి. ఏఐ చాట్‌బాట్‌ను అడిగినా ఇదే జాగ్రత్త. ప్రశ్న తయారుచేసుకోవడానికి అది పనికొస్తుంది. జవాబును మాత్రం అక్కడి మనిషి చూడకుండా పంపకండి.

డేటా గురించి రెండు ముక్కలు. జర్మనీ సర్వర్‌లో ఉన్న ఫైలును మీరు హైదరాబాద్‌లో తెరిచి చూసినా అది విదేశానికి డేటా బదిలీయే. ఐరోపా దృష్టిలో మన దేశానికి ఆ విషయంలో ప్రత్యేక గుర్తింపు లేదు కాబట్టి సంస్థల మధ్య ప్రామాణిక ఒప్పంద నిబంధనలు ఉండాలి. ఉన్నాయో లేదో పని మొదలయ్యేలోగా మీ మేనేజరును రాతపూర్వకంగా అడగండి. ఇంకో సంగతి, అక్కడి ఉద్యోగి తన గురించి సంస్థ దగ్గర ఉన్న సమాచారమంతా అడిగితే సాధారణంగా నెలలోపు ఇవ్వాలి. టికెట్‌లో మీరు రాసుకున్న "ఈయనతో వేగలేం" లాంటి నోట్సు కూడా అందులో వెళ్లవచ్చు.

మీ పరిధి ఎక్కడ ముగుస్తుందో మొదటి రోజే రాయించుకోండి. నా లెక్కలో సెలవు నిల్వ చెప్పడం, ధ్రువపత్రం ఇవ్వడం, ఆమోదించిన నమూనా ప్రకారం ఉత్తరం తయారుచేయడం మీ పని. "నన్ను తీసేస్తే ఎంత వస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబు మీ పని కాదు. జర్మనీలో తొలగింపు పరిహారం సాధారణంగా చట్టబద్ధ హక్కు కాదు, బేరంలో తేలేది. ఏడాది సర్వీసుకు అర నెల జీతమన్నది బేరం మొదలయ్యే చోటు మాత్రమే. మీరు చాట్‌లో యథాలాపంగా చెప్పిన అంకె రేపు అవతలి లాయరు చేతిలో ఉంటుంది.

కోర్సుల గురించి. అమీర్‌పేటలో దొరకని కోర్సు ఉండదు, కానీ దేశం వారీగా ఉద్యోగ చట్టం బాగా చెప్పే చోటు అక్కడ నాకు కనబడలేదు. అంతర్జాతీయ హెచ్ఆర్‌కు జీపీహెచ్ఆర్ లాంటి సర్టిఫికెట్లు బయోడేటాకు పనికొస్తాయి, ఏడాది పని చేశాక రాస్తే మీకే సులువు. ఆ డబ్బుతో సంస్థ చేత జర్మనీ కార్మిక లాయరుతో నెలకొక గంట మాట్లాడే ఏర్పాటు చేయించుకోగలిగితే అది పది కోర్సుల పెట్టు. ఉద్యోగుల పేర్లు తీసేసి మీ పాత టికెట్లనే ముందు పెట్టి అడగండి.

జర్మన్ భాష మాట్లాడటం తప్పనిసరి కాదు, మీ పని చాలావరకు ఆంగ్లంలోనే జరుగుతుంది. కానీ ఉద్యోగ ఒప్పందం, జీతం చీటీ, బీమా సంస్థ ఉత్తరం చూడగానే అదేమిటో గుర్తుపట్టేంత వస్తే మీ విలువ పెరుగుతుంది. హైదరాబాద్‌లో గోతె సెంటర్ ఉంది, మొదటి రెండు స్థాయిలు చేసినా ఆ మేరకు చాలు.

ఈ నెలలో చేయాల్సినది చెబుతాను. అక్కడి హెచ్ఆర్ మేనేజరును మూడు అడగండి: ఒక ఉద్యోగ ఒప్పందం నమూనా, వర్క్స్ కౌన్సిల్‌తో ఉన్న ఒప్పందాల జాబితా, గత ఏడాది హైదరాబాద్‌కో మరో కేంద్రానికో పంపి వెనక్కి తీసుకోవలసి వచ్చిన టికెట్లు. మూడోది ఇవ్వడానికి కాస్త మొహమాటపడతారు, పట్టువదలకండి. మాట్లాడటానికి మన మధ్యాహ్నాలు పెట్టుకోండి. చలికాలంలో వాళ్లు నాలుగున్నర గంటలు వెనక, వేసవిలో మూడున్నర.

మీ ప్రశ్నలో రెండు వివరాలు లేవు. జర్మనీ కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉంది, అక్కడ వర్క్స్ కౌన్సిల్, సామూహిక ఒప్పందం ఉన్నాయా? అమెరికా ఉద్యోగులు ఏయే రాష్ట్రాల్లో ఉన్నారు? కనుక్కుని కింద రాయండి. దాన్ని బట్టి మీ టికెట్లలో ముందు ఏవి పట్టుకోవాలో చెబుతాను.